నీళ్లలోంచి పైకొచ్చాక కాళ్లు తిమ్మిరెక్కితే

ప్రశ్న: నా వయసు 36. స్కూబా డైవింగ్ నేర్చుకుని రెండేళ్లయింది. నెల కింద ఒకే రోజు మూడుసార్లు నీళ్లలోకి దిగాను. మొదటిసారి 28 మీటర్లు, తర్వాత 24, చివరికి 18. ఎంత లోతులో ఎంతసేపు ఉండొచ్చో లెక్కకట్టి చూపే, చేతికి కట్టుకునే డైవ్ కంప్యూటర్ గీసిన గీత ఒక్కసారీ దాటలేదు. మూడోసారి పైకొచ్చి పడవలో కూర్చున్న 20 నిమిషాలకి, నడుం చుట్టూ ఎవరో బెల్టు బిగించినట్టు నొప్పి వచ్చింది. కాసేపటికి అది తగ్గి రెండు కాళ్లూ తిమ్మిరెక్కాయి. సిలిండర్ మోసినందుకేమో అనుకుని గదికెళ్లి పడుకున్నాను. పొద్దున లేచేసరికి అరికాళ్ల కింద దూది పరిచినట్టుంది. మూత్రం వచ్చేలాగే ఉంటుంది, వెళ్తే రాదు. ఆస్పత్రిలో నడుముకి ఎమ్మారై తీసి అంతా బాగానే ఉంది, నరం పట్టేసిందని నొప్పి మాత్రలిచ్చారు. మూడో రోజు సబ్బు ముఖంతో కళ్లు మూసుకుంటే పక్కకి ఒరిగిపోయి గోడ పట్టుకున్నాను. అప్పుడే మీకు రాశాను. మీరు ఫోన్‌లో చెప్పినట్టు ఆ సాయంత్రమే చాంబర్ (ఎక్కువ పీడనంలో ఉంచి ఆక్సిజన్ ఇచ్చే గది) ఉన్న చోటికి వెళ్లాం. ఐదు విడతల చికిత్స అయింది. మూత్రం సమస్య పోయింది, కాళ్లలో బలం వచ్చింది. అరికాళ్ల మొద్దు మాత్రం అలాగే ఉంది. ఇప్పుడు నా ప్రశ్నలు: కంప్యూటర్ తప్పు చూపనప్పుడు నాకెందుకిలా అయింది? పీల్చిన గాలి వెన్నుపాములోకి ఎలా వెళ్లింది? ఇది పూర్తిగా తగ్గుతుందా? మళ్లీ డైవ్ చేయొచ్చా? ఇంకొకటి. ఆ రాత్రి "పడుకుంటే అదే తగ్గిపోతుందిలే" అన్నది తనేనని నా భార్య ఇప్పటికీ బాధపడుతోంది.

సమాధానం: మీ మొదటి ఉత్తరంలో "మూత్రం రావడం లేదు" అన్న వాక్యం దగ్గర ఆగిపోయి, మిగతాది చదవకుండానే ఫోన్ తీశాను. డైవింగ్ చేసి వచ్చిన మనిషికి నడుం చుట్టూ పట్టీలా నొప్పి, తర్వాత కాళ్ల తిమ్మిరి, తర్వాత మూత్రం ఆగిపోవడం ఈ వరసలో వచ్చాయంటే అది వెన్నుపాముకి సోకిన డీకంప్రెషన్ సిక్‌నెస్ (లోతు నుంచి పైకొచ్చాక ఒంట్లో గ్యాస్ బుడగలు కట్టే జబ్బు) అని అనుకుని తీరాలి. కాదని తేలేదాకా అదే. ఆ రోజు ఎందుకో, ఏమిటో చెప్పే టైమ్ లేదు. ఇప్పుడు తీరిగ్గా మాట్లాడుకుందాం.

ముందు గాలి లెక్క. నీళ్లలో ప్రతి 10 మీటర్లకీ ఒక వాతావరణమంత పీడనం అదనంగా చేరుతుంది. 28 మీటర్ల దగ్గర మీ చుట్టూ ఉన్న పీడనం ఒడ్డున ఉన్నదానికి దాదాపు 4 రెట్లు. సిలిండర్ నుంచి నోటికి గాలి తెచ్చే రెగ్యులేటర్ మీకు ఆ పీడనంతోనే గాలి అందిస్తుంది, లేకపోతే ఊపిరే ఆడదు. గాలిలో నూటికి 78 పాళ్లు నైట్రోజన్. ఒడ్డున అది మన ఒంట్లో ఏ పనీ చేయదు, వచ్చి పోతుంటుంది. పీడనం పెరిగితే మాత్రం నెత్తుటిలో, కండలో, కొవ్వులో, నరాల్లో అదే నిష్పత్తిలో ఎక్కువ కరుగుతుంది. పైకి వస్తూంటే పీడనం తగ్గి, కరిగినదంతా వెనక్కి రావాలి. నెమ్మదిగా వస్తే నెత్తురు దాన్ని ఊపిరితిత్తులకి చేరవేస్తుంది, ఊపిరితో బయటికి పోతుంది. ఆ వేగానికి మించి పైకొచ్చేస్తే, లేదా ఒంట్లో చేరిన సరుకే ఎక్కువైతే, అక్కడికక్కడే బుడగలు కడుతుంది.

దీనికి అందరూ సోడా సీసా మూత తీయడంతో పోలిక చెబుతారు. నేనూ చాలాసార్లు చెప్పాను. ఆ పోలికతో ఒక చిక్కుంది. సోడాలో గ్యాస్ పోతే కథ అయిపోతుంది. ఒంట్లో బుడగ పోయాక కూడా కథ నడుస్తూనే ఉంటుంది. రక్తనాళంలోకి వచ్చిన బుడగ మన శరీరం దృష్టిలో పరాయి వస్తువు. అది నాళం లోపలి పొరని గీరుకుంటూ పోతుంది. అక్కడికి ప్లేట్‌లెట్లు చేరి గడ్డకడతాయి, తెల్లరక్తకణాలు వచ్చి అతుక్కుంటాయి, నాళం గోడ కారడం మొదలై చుట్టూ వాపొస్తుంది. అందుకే కొందరికి బుడగ కరిగిపోయాక, గంటల తర్వాత కూడా లక్షణాలు ముదురుతుంటాయి. పడవలో మామూలు తిమ్మిరిలా ఉన్నది మీకు పొద్దుటికి మూత్రం ఆగేదాకా వచ్చింది అందుకే.

సరే, ఒళ్లంతా వదిలేసి వెన్నుపామే ఎందుకు? నైట్రోజన్‌కి నీళ్లలో కంటే కొవ్వులో దాదాపు 5 రెట్లు ఎక్కువ కరిగే గుణం ఉంది. కరెంటు తీగకి ప్లాస్టిక్ తొడుగున్నట్టు నరాల తీగలకి మైలిన్ అనే తొడుగుంటుంది. నీరు తీసేసి చూస్తే ఆ తొడుగు బరువులో ముప్పావు వంతు దాకా కొవ్వే. వెన్నుపాము అంచులంతా ఈ తొడుగు వేసుకున్న తీగల కట్టలే, దాన్ని తెల్ల పదార్థం అంటాం. మధ్యలో ఉండే బూడిదరంగు భాగానికి నెత్తురు జోరుగా అందుతుంది, ఈ తెల్ల పదార్థానికి తక్కువ. పలచటి గుడ్డ ఎండలో గబుక్కున ఆరిపోతుంది, దళసరి దుప్పటి సాయంత్రం దాకా తడిగానే ఉంటుంది కదా. మీ వెన్నుపాము అంచులు ఆ దుప్పటిలాంటివి. ఒకటో డైవ్‌లో తడిసింది ఆరకముందే రెండోదానికి దిగారు, అది ఆరకముందే మూడోదానికి.

రెండో సంగతి చోటు గురించి. వెన్నుపాము ఎముక గొట్టంలో ఉంటుంది. మోకాలి దగ్గర బుడగ కడితే కండరం కాస్త పక్కకి జరిగి చోటిస్తుంది, నొప్పి మాత్రం పుడుతుంది. ఎముక గొట్టంలో జరగడానికి చోటు లేదు. బుడగ చుట్టూ ఉన్న తీగలే నలుగుతాయి.

మూడోది నా లెక్కలో చాలా ముఖ్యమైనది. వెన్నుపాము నుంచి చెడు నెత్తురు బయటికి తీసుకెళ్లే సిరలు దాని చుట్టూ వలలా అల్లుకుని ఉంటాయి. కాళ్ల సిరల్లో వెనక్కి జారకుండా కవాటాలుంటాయి, ఈ వలలో ఉండవు. నెత్తురు చాలా నిదానంగా, తక్కువ పీడనంతో కదులుతుంది. ఒళ్లంతటి నుంచీ వచ్చే బుడగలు అక్కడ చేరి నురగలా అడ్డుపడితే, కాలవ చివర చెత్త అడ్డుపడ్డప్పుడు పొలంలో నీళ్లు నిలిచిపోయినట్టు, వెన్నుపాములోనే నెత్తురు నిలిచిపోతుంది. వెళ్లేది వెళ్లకపోతే వచ్చేది రాదు. వచ్చేది రాకపోతే ఆక్సిజన్ లేదు. ఎక్కువమందిలో దెబ్బ తినేది ఛాతీ వెనకాల, దాని కింది సగంలో ఉండే భాగం. ఆ భాగం నుంచి బయల్దేరే నరాలు పొట్ట చుట్టూ పట్టీల్లా తిరుగుతాయి. మీకు బెల్టు బిగించినట్టు అనిపించింది బయట పొట్టమీదే అయినా, నొక్కుడు జరుగుతున్నది లోపల వెన్నులో.

ఇక్కడే మీ ఎమ్మారై సంగతి కూడా చెప్పేస్తాను. మీకు తీసింది నడుం స్కాన్. వెన్నుపాము నడుం దాకా రాదు, నడుము మొదట్లోనే, ఒకటి రెండు పూసల దగ్గర ఆగిపోతుంది. కిందికి దిగేది నరాల కుచ్చు మాత్రమే. దెబ్బ తగిలిన చోటు ఆ బొమ్మలో లేదు. సరైన చోట తీసినా తొలి రోజుల్లో ఏమీ కనిపించకపోవచ్చు. ఈ జబ్బుని స్కాన్‌తో కాదు, కథ విని, ఒంటిమీద చేయి వేసి చూసి తేల్చాలి. ఆ డాక్టర్‌ని తప్పుపట్టడం నాకిష్టం లేదు, ఉద్యోగం మొత్తంలో ఇలాంటి కేసు ఒక్కటైనా చూడని వైద్యులు చాలామంది ఉంటారు. అసలు సంగతి ఏమిటంటే, "నిన్న డైవ్ చేశాను, ఇన్ని మీటర్లు, ఇన్నిసార్లు" అన్న మాట మీరు ఆయనకి చెప్పలేదని ఫోన్‌లో అన్నారు. అది మొదటి వాక్యంగా చెప్పాల్సిన మాట.

మూత్రం ఎందుకు ఆగింది? మూత్రాశయాన్ని పిండే కేంద్రం వెన్నుపాము కొసన ఉంటుంది. పిండమని, మూత తెరవమని ఒకేసారి చెప్పే ఆజ్ఞ మెదడు అడుగు నుంచి దిగాలి. మధ్యలో ఛాతీ భాగంలో తీగలు నలిగితే ఆజ్ఞ కొసదాకా రాదు. సంచి నిండుతుంది, మూత తెరుచుకోదు. చాలామంది దీన్ని "నీళ్లు తక్కువ తాగాను కదా" అని సరిపెట్టుకుంటారు. మగవాళ్లలో కొందరికి అంగస్తంభన కూడా దెబ్బ తింటుంది, సిగ్గుపడి చెప్పరు. మీకు ఆ ఇబ్బంది ఉంటే మీ వైద్యుడికి చెప్పండి, అది కూడా ఈ గాయంలో భాగమే.

అరికాళ్ల కింద దూది సంగతికొస్తే, కాలు ఎక్కడుందో, నేల గట్టిగా ఉందో మెత్తగా ఉందో మెదడుకి చెప్పే తీగలు వెన్నుపాము వెనక భాగంలో పైకి పోతాయి. అవి దెబ్బతింటే కళ్లు ఆ లోటు పూడుస్తాయి. కాళ్లని చూసుకుంటూ నడిచినంతసేపూ ఏమీ తెలియదు. కళ్లు మూసుకున్న క్షణం తెలుస్తుంది. సబ్బు ముఖంతో మీరు గోడ పట్టుకున్నారే, నరాల వైద్యులు గదిలో చేసే పరీక్షని మీరు స్నానాల గదిలో మీకు మీరే చేసుకున్నారన్నమాట. ఆ పరీక్షకి ఇంకాస్త కఠినమైన రూపం ఉంది. ఒక పాదం మడమ రెండో పాదం బొటనవేలికి ఆనేలా ఒకే గీత మీద నిలబడి, చేతులు ఛాతీ మీద కట్టుకుని, కళ్లు మూసుకోవాలి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో చాలామంది కాస్త అలవాటైతే నిమిషం నిలబడగలరు. చాంబర్‌లో చేర్చుకునేటప్పుడు మీరు 4 సెకన్లకే పక్కకి పడబోయారని రాశారు.

వెన్నుపాము ఒక్కటే కాదు, మెదడుకీ లోపలి చెవికీ కూడా ఇది సోకుతుంది, ఆ దారి వేరు. మెదడు బరువు ఒంట్లో నూటికి 2 పాళ్లే అయినా గుండె పంపే నెత్తుట్లో ఏడో వంతు దాకా దానికే పోతుంది. అంత జోరు ప్రవాహంలో నైట్రోజన్ నిలవ ఉండదు, త్వరగా కడిగేసుకుపోతుంది. కాబట్టి మెదడుకి వచ్చే బుడగ చాలాసార్లు బయటి నుంచి వచ్చినదే. మామూలు డైవ్ తర్వాత కూడా, ఏ జబ్బూ లేనివాళ్ల సిరల్లో బుడగలు తిరుగుతుంటాయి. అల్ట్రాసౌండ్‌తో గుండె మీద పెట్టి చూస్తే కనిపిస్తాయి. అవి ఊపిరితిత్తుల జల్లెడలో చిక్కుకుని కరిగిపోతాయి. జల్లెడని తప్పించుకునే దొడ్డిదారి ఒకటుంది. తల్లి కడుపులో ఉన్నప్పుడు గుండె పై గదుల మధ్య ఒక చిన్న తలుపు ఉంటుంది, పుట్టాక అది అతుక్కుపోవాలి. ప్రతి నలుగురిలో ఒకరికి పూర్తిగా అతుక్కోదు. మామూలు రోజుల్లో వాళ్లకి ఏ బాధా ఉండదు. బుడగలు నిండిన సిరలతో పైకొచ్చి, సిలిండర్ ఎత్తుతూ ముక్కినప్పుడు, గట్టిగా దగ్గినప్పుడు ఆ తలుపు తెరుచుకుని బుడగలు ఎడమ వైపుకి దాటతాయి. అక్కడి నుంచి మెదడుకి, లోపలి చెవికి, వెన్నుపాముకి కూడా. అప్పుడు మాట తడబడటం, చూపు మసకబారడం, ఒకవైపు చెయ్యి బరువెక్కడం, అయోమయం. చెవికి సోకితే గది గిర్రున తిరగడం, వాంతులు, చెవి వినపడకపోవడం. దీన్ని ఓడ కుదుపుకి వచ్చే తిప్పుడు అనుకుని నిమ్మరసం తాగి పడుకున్నవాళ్లని చూశాను.

ఈ తలుపు ఉందో లేదో మీరు తప్పకుండా పరీక్ష చేయించుకోవాలి. చేతి సిరలోకి గిలకొట్టిన సెలైన్ ఎక్కించి, మీరు ముక్కుతుండగా గుండెని అల్ట్రాసౌండ్‌లో చూస్తారు. ఒకవేళ ఉందని తేలినా కంగారుపడకండి. నలుగురిలో ఒకరికి ఉండి, డైవర్లలో ఇలా జరిగేది వేలల్లో ఒకరిద్దరికి అంటే, తలుపు ఒక్కటే కారణం కాదని అర్థం.

ఇక కంప్యూటర్. దాని మీద మీకు కోపం వచ్చింది, నిజం చెప్పాలంటే తప్పు దానిది కాదు. మీ చేతికి కట్టుకున్నది మీ ఒంటిని కొలిచే పరికరం కాదు. అది లోతునీ కాలాన్నీ చూసి లెక్క కడుతుంది. ఆ లెక్కకి మూలం 1908లో బ్రిటిష్ శాస్త్రవేత్త జె.ఎస్. హాల్డేన్ తన సహచరులతో కలిసి మేకల మీద చేసి ప్రచురించిన పని. మేకల్ని ఎక్కువ పీడనం గల గదిలో ఉంచి, వేర్వేరు వేగాలతో బయటికి తెచ్చి, ఏ మేక ముందు కాలు ఎత్తి పట్టుకుని నిలబడుతోందో చూశారు. అలా ఎత్తిందంటే నొప్పి అన్నమాట. ఆ తర్వాత దశాబ్దాలపాటు లెక్క మెరుగుపడింది. ఇప్పుడు బాగా వాడే ఒక పద్ధతి ఒంటిని 16 ఊహాజనిత భాగాలుగా చూస్తుంది, ఒక్కోటి ఒక్కో వేగంతో నిండి ఖాళీ అవుతుంది. ఆ 16లో దేనికీ "వెన్నుపాము" అని పేరు లేదు. ఆ రోజు మీరు నీళ్లు సరిగ్గా తాగలేదని, చివరి డైవ్‌లో చలికి వణికారని, పైకొచ్చాక సిలిండర్లు మోశారని దానికి తెలియదు. హద్దు దాటనివాళ్లకి కూడా ఇది రావడం డైవింగ్ వైద్యంలో కొత్త కాదు. అలా వచ్చినప్పుడు "నేను తప్పు చేయలేదు, కాబట్టి ఇది అది కాదు" అని అనుకోవడమే మనిషిని ఎక్కువ దెబ్బతీస్తుంది. కాళ్లు తిమ్మిరెక్కుతుండగా "నాది క్లీన్ డైవ్" అని వాదించిన ఒక శిక్షకుడు నాకు తెలుసు. వాదన అయ్యేసరికి లేచి నిలబడలేకపోయాడు.

ఈ జబ్బు డైవర్లది కాకముందు వంతెన కూలీలది. నది అడుగున పునాదులు వేయడానికి గాలి నింపిన పెద్ద పెట్టెల్లో దిగి తవ్వేవాళ్లు, సాయంత్రం బయటికొచ్చాక కీళ్ల నొప్పులతో వంగిపోయేవారు, కొందరికి కాళ్లు పడిపోయేవి. 1854లో పోల్, వాటెల్ అనే ఇద్దరు ఫ్రెంచి వైద్యులు "బయటికొచ్చేటప్పుడే మూల్యం చెల్లించాలి" అని రాశారు. మళ్లీ పీడనంలోకి పంపితే నొప్పి తగ్గుతోందని గమనించిందీ వాళ్లే. కారణం నైట్రోజన్ బుడగలేనని 1878లో ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ బేర్ నిరూపించాడు. ఈ మధ్యలో, 1872లో, న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ వంతెన చీఫ్ ఇంజనీరు వాషింగ్టన్ రోబ్లింగ్‌కి ఇదే జబ్బు చేసి మంచాన పడ్డాడు. ఆయన భార్య ఎమిలీ ఆయన మాటలు పనివాళ్లకి చేరవేస్తూ, లెక్కలు తనే నేర్చుకుని, 1883లో వంతెన పూర్తయ్యేదాకా పని నడిపించింది. ఈ ముక్క మీ భార్యకి చదివి వినిపించండి, ఎందుకో చివర్లో చెబుతాను.

చాంబర్‌లో మీకు జరిగింది ఆ ఫ్రెంచి వైద్యుల గమనికకి నేటి రూపం. సాధారణంగా వాడే పద్ధతిలో 18 మీటర్ల లోతుకి సమానమైన పీడనం, అంటే 2.8 వాతావరణాలు పెడతారు. మాస్కుతో శుద్ధమైన ఆక్సిజన్ ఇస్తారు. 20 నిమిషాలకోసారి 5 నిమిషాలు మాస్కు తీసి మామూలు గాలి పీల్చమంటారు. అంత పీడనంలో ఆక్సిజన్ ఎక్కువసేపు పీలిస్తే ఫిట్స్ రావచ్చు, అందుకే ఆ విరామం. (ఆక్సిజన్‌కి ఆ గుణం ఉందని కనిపెట్టిందీ పాల్ బేరే.) తర్వాత 9 మీటర్లకి తెచ్చి మళ్లీ ఆక్సిజన్. మొత్తం 4 గంటల 45 నిమిషాలు, అవసరమైతే ఇంకా ఎక్కువ. పీడనం పెంచేటప్పుడు లోపల ఉక్కపోసి, తగ్గించేటప్పుడు పొగమంచు కమ్మి చలేసిందని రాశారు. అది గాలి సహజ గుణం, యంత్రం పాడవలేదు.

పీడనం బుడగని నలిపేస్తుందని అందరూ అనుకుంటారు. లెక్క వేసి చూడండి. 2.8 రెట్ల పీడనంలో బుడగ ఘనపరిమాణం మూడో వంతుకి కాస్త పైన మిగులుతుంది. అది గుండ్రంగా ఉన్నప్పుడు అడ్డుకొలత మాత్రం నూటికి 70 పాళ్లు అలాగే ఉంటుంది. అంత మాత్రానికే అడ్డు తొలగిపోదు. అసలు పని చేసేది ఆక్సిజన్. మీరు పీల్చే గాలిలో నైట్రోజన్ సున్నా అయితే బుడగలోని నైట్రోజన్ నెత్తుటిలోకి కారిపోవడానికి దారి దొరుకుతుంది. నెత్తురు అందని తీగలకి కరిగిన ఆక్సిజన్ అందుతుంది. నాళాల గోడలకి తెల్లకణాలు అతుక్కోవడం తగ్గి వాపు దిగుతుంది. అందుకే మూడో రోజున వెళ్లినా మీకు గుణం కనిపించింది. ఆలస్యమైంది కాబట్టి వెళ్లి లాభం లేదనుకోవడం తప్పు. ఆలస్యమైనా ఫర్వాలేదనుకోవడం అంతకంటే తప్పు.

మీ ఉత్తరంలో నన్ను బాధపెట్టిన ముక్క ఒకటుంది. పడవలో సీటు కింద ఆక్సిజన్ సిలిండర్ ఉందని, ఎవరూ దాన్ని బయటికి తీయలేదని రాశారు. ఆ 20వ నిమిషంలోనే మిమ్మల్ని వెల్లకిలా పడుకోబెట్టి, ఆ మాస్కు ముఖానికి బిగించి, ఒడ్డు దాకా తీయకుండా ఉంచి, దారిలోనే డైవింగ్ అత్యవసర సేవకి ఫోన్ చేసి ఉండాల్సింది. గోటితో పోయేది గొడ్డలిదాకా వచ్చింది. ఆక్సిజన్ పెట్టగానే తిమ్మిరి పోయినా సరే ప్రయాణం ఆపకూడదు, చాలాసార్లు తిరగబెడుతుంది. మళ్లీ నీళ్లలోకి దిగి సరిచేసుకుందామన్న ఆలోచన వద్దు. నొప్పి తగ్గించడానికి నైట్రస్ ఆక్సైడ్ వాయువు ఇవ్వబోతే ఆపాలి, అది బుడగల్లోకి చేరి వాటిని ఉబ్బిస్తుంది. ఈ జబ్బు లక్షణాల్లో సగం దాకా పైకొచ్చిన మొదటి గంటలోనే, దాదాపు అన్నీ 24 గంటల్లోపే మొదలవుతాయి. ఆ లోపల ఒంట్లో వచ్చే ఏ వింత తిమ్మిరినైనా అనుమానించాలి. తొడ బయటి పక్క మాత్రమే, అదీ ఒక కాలికే మొద్దుబారితే నీళ్లలో మునగడానికి నడుముకి కట్టుకునే బరువుల బెల్టు నరం మీద నొక్కి ఉండొచ్చు, దాన్ని నేనూ కాస్త తేలిగ్గా తీసుకుంటాను. రెండు కాళ్లూ అంటే తేలిక మాట లేదు.

పూర్తిగా తగ్గుతుందా అని అడిగారు. పెద్ద మెరుగుదల మొదటి కొన్ని విడతల్లో వస్తుంది. మెరుగుదల ఆగిందని తేలేదాకా చాంబర్ చికిత్స ఇస్తారు, మీకు ఐదుతో ఆపింది అందుకే. ఆ తర్వాత వారాలు, నెలలపాటు ఫిజియోథెరపీతో ఇంకొంత వస్తుంది. మూత్రం, బలం ఇప్పటికే తిరిగొచ్చాయి కాబట్టి మీ విషయంలో నాకు ఆశ ఎక్కువే ఉంది. అరికాళ్ల మొద్దు చాలా తగ్గొచ్చు, కాస్త మిగిలిపోవచ్చు కూడా. ఆ మిగిలినదానితో హాయిగా నడిచేవాళ్లు చాలామంది ఉన్నారు.

మళ్లీ డైవ్ చేయొచ్చా అన్నదానికి మాత్రం నా జవాబు మీకు నచ్చదు. వద్దు. వెన్నుపాములో అవసరానికి మించిన తీగలుంటాయి. కొన్ని పోయినా మిగతావి పని సర్దుకుంటాయి. 1981లో ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో ఒక డైవర్ గురించి వచ్చింది. వెన్నుపాము దెబ్బ నుంచి కోలుకున్నాడని అందరూ అనుకున్న మనిషి. వేరే కారణంతో చనిపోయాక పరీక్షిస్తే, వెన్నుపాములో చాలా భాగం క్షీణించి ఉంది. కోలుకోవడమంటే గాయం మాయమవడం కాదు, ఉన్న పొదుపు వాడేసుకోవడం. రెండోసారి దెబ్బ తగిలితే మీ దగ్గర తీసి వాడుకోవడానికి పొదుపు ఉండదు. లక్షణాలు ఇంకా మిగిలి ఉన్న మనిషిని డైవింగ్ వైద్యులు సాధారణంగా నీళ్లలోకి పంపరు. ఏడాది తర్వాత అంతా మామూలైందనిపించినా ఆ నిర్ణయం డైవింగ్ తెలిసిన వైద్యుడు చేయాలి, మీరో మీ క్లబ్బో కాదు.

విమానం గురించి మీరు అడగలేదు, నేనే చెబుతున్నాను. క్యాబిన్‌లో పీడనం 1,800 నుంచి 2,400 మీటర్ల కొండ మీద ఉన్నంత తక్కువ. మిగిలిన బుడగ ఏదైనా ఉంటే పెరుగుతుంది, గోరుచుట్టు మీద రోకటిపోటు. చికిత్స తర్వాత కనీసం 72 గంటలు, మీలాంటి కేసుల్లో వైద్యులు సరేననేదాకా ఎక్కకూడదు. ఎత్తైన ఘాట్ రోడ్లకీ ఇదే మాట. జబ్బు లేని డైవర్లు కూడా ఒక్క డైవ్ తర్వాత 12 గంటలు, వరస డైవ్‌ల తర్వాత 18 గంటలు, పైకొచ్చే దారిలో తప్పనిసరి ఆగుళ్లు ఉన్న డైవ్ అయితే 24 గంటలకి పైగా ఆగాలి.

ఇంట్లో కొన్ని జాగ్రత్తలు. స్నానానికి నీళ్ల వేడిని కాలితో కాదు, మోచేత్తో చూసుకోండి. మొద్దుబారిన పాదానికి కాలింది తెలియదు. రాత్రి పడుకునేముందు అరికాళ్లు దీపం వెలుగులో చూసుకోండి, చెప్పులో రాయి గుచ్చుకున్నా మీకు తెలిసే అవకాశం లేదు. మంచం నుంచి బాత్‌రూమ్ దాకా చిన్న లైటు వెలుగుతూ ఉండనివ్వండి. మూత్రం మళ్లీ మొరాయించినా, పోశాక కూడా ఇంకా ఉన్నట్టు అనిపించినా, జ్వరం వచ్చినా ఆ రోజే వెళ్లాలి. కొన్నాళ్లు విపరీతంగా అలసట ఉంటుంది, చిరాకొస్తుంది, చదివింది గుర్తుండకపోవచ్చు. ఇవి కూడా ఈ జబ్బులో కనిపించేవే. మీరు బద్ధకస్తులైపోయారని అనుకోకండి, కానీ వైద్యుడికి చెప్పండి.

మీ భార్యకి నా మాటగా ఇది చెప్పండి. ఆ రాత్రి పడుకోమనడం పొరపాటే, ఆ పడవలో ఆక్సిజన్ ఉన్నవాళ్లూ, పొద్దున చూసిన డాక్టరూ కూడా అదే పొరపాటు చేశారు, ఆమెకి మాత్రం ఏ శిక్షణా లేదు. మూడో రోజు మీరు గోడ పట్టుకున్నప్పుడు "ఇది నడుం నొప్పి కాదు" అని మీ చేత ఉత్తరం రాయించింది ఆమేనని మీరే ఫోన్‌లో అన్నారు. రోబ్లింగ్ వంతెన కథ అందుకే వినిపించమన్నాను.

వచ్చే నెల పరీక్షకి వెళ్లేముందు ఇంట్లో ఆ గీత మీద నిలబడి చూడండి. ఆమెని పక్కనే, పట్టుకోవడానికి వీలుగా నిలబడమనండి, సెకన్లు ఆమే లెక్కపెట్టాలి. మొదటి రోజు 4. ఈసారి ఎంతో రాయండి.